తేలే ఇటుక నుంచి బూడిద బుడగ దాకా

కట్టడం బరువు తగ్గించాలన్నా, గోడలోంచో పైకప్పులోంచో వేడి లోపలికి దిగకుండా ఆపాలన్నా ఉపాయం ఒకటే: పదార్థం మధ్యలో గాలిని కదలనివ్వకుండా బంధించడం. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు విడివడిన పాత వరంగల్ ప్రాంతంలో ఈ ఉపాయానికి చాలా పొడవైన చరిత్ర ఉంది. దానికి ఒక కొస పాలంపేట రామప్ప గుడి శిఖరంలోని ఇటుక. నీళ్లలో వేస్తే అది తేలుతుంది. మరో కొస గణపురం మండలం చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. బొగ్గుపొడిని మండించే ఏ కేంద్రంలోనైనా బూడిదతో పాటు కంటికి ఆనని బోలు గోళీలు ఎంతో కొంత పుడతాయి. అవీ తేలుతాయి. పాలిమర్ ఫోముల్లో, రెజిన్లలో, రంగుల్లో వేడిని ఆపడానికి కలిపే సెనోస్ఫియర్లు ఇవే. ఇటుకకూ గోళీకీ ముడిసరుకు దాదాపు ఒకటే, సిలికా, అల్యూమినా నిండిన మట్టి ఖనిజాలు. రెండింటి కడుపులోనూ ఖాళీని పుట్టించింది నిప్పే.

పాలంపేట 2016 నుంచి 2019 ఫిబ్రవరి దాకా భూపాలపల్లి జిల్లాలో ఉండి, ములుగు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వెళ్లింది. కాకతీయుల నాటి కోటగుళ్లు ఉన్న గణపురం మాత్రం భూపాలపల్లిలోనే మిగిలింది. ఊళ్లు రెండూ దగ్గరదగ్గరివే. కాబట్టి ఈ చరిత్ర ఎనిమిది వందల ఏళ్లు సాగినా చాలా తక్కువ నేల మీద నడిచింది.

ఖాళీ వేడిని ఎలా ఆపుతుందో ముందుగా చూడాలి. ఒక పదార్థం ఒక మీటరు మందంగా ఉండి, దాని రెండు వైపులా ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందో దాన్ని ఉష్ణవాహకత అంటారు. గ్రానైటుకు అది 2.5 నుంచి 3 దాకా ఉంటుంది. కాంక్రీటుకు 1.5 దరిదాపు, మామూలు కాల్చిన ఇటుకకు 0.6 నుంచి 0.8, నీటికి 0.6. కదలని గాలికి 0.026 మాత్రమే. అయితే గాలి కదిలితే ఆ లాభం పోతుంది. వేడెక్కిన గాలి పైకి లేచి చల్లని వైపుకు వేడిని చేరవేస్తుంది. అందుకని ఖాళీ ఉంటే చాలదు, అది చిన్న చిన్న గదులుగా విడిపోయి ఉండాలి. కొన్ని మిల్లీమీటర్ల కన్నా చిన్న గదిలో గాలికి తిరిగేందుకు చోటుండదు. గది మూతపడి ఉంటే ఇంకా మేలు, నీరు జొరబడదు. తడిసిన ఇటుక రంధ్రాల్లో గాలి ఉండవలసిన చోట దానికన్నా ఇరవై రెట్లకు పైగా వేడిని మోసే నీరు చేరుతుంది. గది ఎలా పుట్టింది, అది మూతపడిందా తెరిచి ఉందా అన్న రెండు ప్రశ్నలతోనే ఈ చరిత్రలో ప్రతి వస్తువునూ తూచవచ్చు.

ఈ ప్రాంతపు పాత ఇళ్లలో గాలిని పట్టి ఉంచింది గడ్డి, ఆకు, మట్టి. గోదావరి వైపు అడవి ఊళ్లలో కోయల ఇళ్లకు వెదురు తడికెల మీద మట్టి మెత్తిన గోడలు, పైన గడ్డి కప్పు. జనగామ వైపు మెట్ట ఊళ్లలో తాళ్లు ఎక్కువ కాబట్టి గుడిసెలకు తాటికమ్మ కప్పేవాళ్లు. గడ్డి కప్పు పదిహేను సెంటీమీటర్ల మందం ఉంటే దాని ఉష్ణనిరోధం, అంటే మందాన్ని వాహకతతో భాగిస్తే వచ్చే సంఖ్య, సుమారు 2 ఉంటుంది. పన్నెండు సెంటీమీటర్ల కాంక్రీటు స్లాబుకు అదే లెక్క వేస్తే 0.08 వస్తుంది. ఇరవై అయిదు రెట్ల తేడా. స్లాబు ఇల్లు వచ్చాక ఎండాకాలపు రాత్రులు ఇంట్లో పడుకోలేకపోవడానికి కారణం ఈ ఒక్క అంకెలోనే ఉంది.

గడ్డికి నిప్పు భయం, చెదల భయం ఉన్నాయి. వానలకు కుళ్లుతుంది, కొన్నేళ్లకోసారి విప్పి కొత్తగా కప్పాలి. కలిగినవాళ్లు మిద్దె కట్టుకున్నారు: దూలాలు, దంతెలు, వాటిపై కర్రలు, ఆకు, అన్నిటి మీదా మందంగా చౌడు మట్టి. మట్టి గొప్ప ఉష్ణబంధకం కాదు. దాని బలమంతా మందంలోనూ బరువులోనూ ఉంది. మూరెడు మందం మట్టిగోడ పగటి వేడిని తనలో దాచుకొని పొద్దు గూకాక గాని లోపలికి వదలదు. గోడమట్టిలో వరిగడ్డి ముక్కలు, ఊక వేసి తొక్కేవాళ్లు. ఎండేటప్పుడు గోడ పగలకుండా పీచు పట్టి ఉంచాలన్నది వాళ్ల ఉద్దేశం. వాహకత కొంత తగ్గడం దానితో పాటు వచ్చిన లాభం.

ఊక కలిపిన మట్టిని కాల్చినప్పుడు సంగతి మారుతుంది. ఊక కాలిపోయి, అది ఉన్న చోటు ఖాళీగా మిగులుతుంది. వరి ఊకలో అయిదో వంతు దాకా బూడిదే. ఆ బూడిదలో నూటికి ఎనభై అయిదు పాళ్లకు పైగా సిలికా. అంటే ఊక పూర్తిగా మాయం కాదు, ఖాళీ చుట్టూ సన్నని సిలికా చట్రాన్ని విడిచి వెళుతుంది. ఇటుకల మట్టిలో ఊక కలపడం దక్కనులో చాలా పాత అలవాటు. దాన్ని అన్నిటికన్నా కఠినమైన పరీక్షకు పెట్టింది కుండ చేసేవాళ్లో ఇటుక చేసేవాళ్లో కాదు, ఉక్కు చేసేవాళ్లు. నిజామాబాద్ జిల్లా కొనసముద్రంలో ఉక్కు మూసలను ఊక దండిగా కలిపిన మట్టితో చేసేవారు. 1820 ప్రాంతంలో ఆ పని చూసిన హెన్రీ వెస్లీ వాయిసే రాసిన వివరణ 1832లో అచ్చయింది. మూస లోపల ఇనుము కరిగే వేడి, బయట మండే కొలిమి. ఆ మధ్యలో సన్నని మట్టిగోడ చాలా గంటలు నిలబడాలి. ఊక మాడి మిగిల్చిన కార్బనూ సిలికా చట్రమూ ఆ గోడకు ఆ బలాన్నిచ్చాయి. ఇనుము తీసే పని పాత వరంగల్ జిల్లాకూ కొత్త కాదు. మహబూబాబాద్ జిల్లా బయ్యారం పేరు నేటికీ ఇనుప ఖనిజంతోనే వినబడుతుంది. ఊకకూ మట్టికీ నిప్పుకూ మధ్య ఏం జరుగుతుందో తెలిసిన చేతులు ఈ నేల మీద రామప్ప కట్టేనాటికే ఉన్నాయనుకోవడం న్యాయం.

రామప్ప గుడి శాసనం శాలివాహన శకం 1135 నాటిది, అంటే క్రీస్తుశకం 1213. వేయించినవాడు రేచర్ల రుద్రుడు, కాకతీయ గణపతిదేవుడి సేనాని. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా పాలించాడు. గోడలు ఇసుకరాయి, చెక్కిన స్తంభాలు, దూలాలు గ్రానైటు, డోలరైటు. పునాది కింద ఇసుక నింపిన గుంత ఉంది. నేల కదిలినా, కుంగినా ఆ ఇసుక సర్దుకుంటుంది. పెద్ద రాతిబరువును మెత్తని నేల మీద నిలబెట్టడానికి ఓరుగల్లు స్థపతులు వాడిన పద్ధతి అది. ఇంత రాయి మోస్తున్న గర్భగుడి మీద మెట్లుమెట్లుగా లేచే శిఖరం కూడా రాతిదే అయితే, కింది గోడల మీదా ఇసుక పునాది మీదా పడే బరువు చాలా పెరుగుతుంది. శిఖరాన్ని తేలిక ఇటుకతో కట్టి స్థపతి ఆ బరువును తప్పించాడు. 1914లో ఏర్పడిన హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖకు తొలి అధిపతి గులాం యజ్దానీ 1922లో పాలంపేట గుళ్ల మీద ప్రత్యేక గ్రంథం ప్రచురించాడు. 2021 జులై 25న యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, శిఖరపు తేలిక ఇటుకలను దాని ప్రత్యేకతల్లో ఒకటిగా పేర్కొంది.

ఇటుక తేలాలంటే ఎంత ఖాళీ కావాలో లెక్క వేయడం సులభం. కాల్చిన మట్టిలో ఘనపదార్థం సాంద్రత నీటికి 2.6 రెట్లు. మామూలు ఇటుక సాంద్రత 1.7 అనుకుంటే అందులో మూడో వంతుకు కాస్త పైన ఖాళీ ఉన్నట్టు. ఇటుక సాంద్రత 0.9కి దిగాలంటే అందులో నూటికి అరవై అయిదు పాళ్లు ఖాళీ ఉండాలి. అంటే చేతిలో పట్టుకున్న ఇటుకలో మూడింట రెండు వంతులు గాలే. ఘనమీటరు మామూలు ఇటుక పని 1,700 కిలోలు తూగితే, ఇది అందులో సగం తూగుతుంది.

ఈ ఇటుక మట్టిలో తుమ్మచెక్క పొడి, ఊక, కరక్కాయ కలిపేవారని ప్రతీతి. మొదటి రెండింటి పని తేటగా ఉంది, అవి కాలి ఖాళీలవుతాయి. కరక్కాయలో టానిన్లు ఉంటాయి. గచ్చు సున్నంలో బెల్లం నీళ్లతో పాటు కరక్కాయ నీళ్లు పోయడం తెలుగునాట, తమిళనాట తాపీపనివాళ్లకు తరతరాలుగా తెలిసిన పని. మట్టిలో టానిన్లు రేణువులను విడదీసి ముద్దను సాగేట్టు చేస్తాయి. దాంతో సగానికి పైగా పొట్టు కలిపిన ముద్ద కూడా విరగకుండా అచ్చులో నిలుస్తుంది. అసలు కష్టం కాల్చడంలో ఉంది. మూడు వందల డిగ్రీల దగ్గర పొట్టు మాడటం మొదలవుతుంది. వేడి తొందరగా పెరిగితే లోపలి ఆవిరి, పొగ బయటపడే దారి లేక ఇటుక పగులుతుంది. గాలి చాలకపోతే నడిమి భాగం నల్లబడి, పొట్టు బొగ్గుగా లోపలే ఉండిపోతుంది. పొట్టంతా కాలిన తరవాత గాని మట్టి గట్టిపడే ఎనిమిది, తొమ్మిది వందల డిగ్రీలకు చేరకూడదు. గట్టిపడినా మరీ ఎక్కువ కాలితే మట్టి కరిగి ఖాళీలు కుంగిపోతాయి. ఆ మంటను అదుపు చేయడానికి బట్టీ దగ్గర ఉన్నది కన్నూ అనుభవమూ తప్ప మరో కొలత లేదు. తేలే ఇటుక సైన్సుకు అందని రహస్యమని తరచుగా చెబుతుంటారు. అలా చెప్పడం ఆ పనివాళ్లకు అన్యాయం. ఒక ఇటుకను కాదు, శిఖరానికి సరిపడా ఇటుకలను ఒకే తీరుగా కాల్చి తీసిన నేర్పు అది.

ఈ ఇటుకకు ఒక పరిమితి ఉంది. పొట్టు కాలి ఏర్పడిన ఖాళీల్లో చాలా భాగం ఒకదానితో ఒకటి కలిసి బయటికి తెరుచుకుంటాయి. అలాంటి ఇటుక నీళ్లలో ఉన్నకొద్దీ నీరు పీలుస్తుంది. ఇటుక శిఖరాలకు సున్నపు గచ్చు పూత వేసే ఆచారానికి అందం ఒక కారణమైతే, వాననీటిని అడ్డుకోవడం అంతకన్నా పెద్ద కారణం. ఇక వేడి సంగతి. ఇంత ఖాళీ ఉన్న కాల్చిన మట్టికి వాహకత మామూలు ఇటుకలో మూడో వంతు దాకా తగ్గుతుంది. కాని రామప్ప శిఖరాన్ని ఆ కాలపు ఇన్సులేషన్‌గా చూపడం సరి కాదు. స్థపతికి కావలసింది బరువు తగ్గడం. వేడి తగ్గడం ఆ ఖాళీల వల్ల దానంతట అదే వచ్చింది.

తేలే ఇటుక ప్రపంచంలో మరికొన్ని చోట్లా పుట్టింది. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ తన గ్రంథం రెండో భాగంలో ఆసియా మైనర్‌లోని పిటానేలో, స్పెయిన్‌లో రెండు ఊళ్లలో చేసే ఇటుకలు ఎండాక నీటిపై తేలుతాయని రాశాడు. అక్కడి మట్టే నురగరాయిలాగా బోలుగా ఉండటం దానికి కారణం. 1791లో ఇటలీలోని టస్కనీలో జొవాన్ని ఫబ్రోని సూక్ష్మజీవుల గుల్లలతో ఏర్పడిన తెల్లమట్టితో మళ్లీ అలాంటి ఇటుకలు చేశాడు. ఆ చోట్లన్నిటా ఖాళీ మట్టిలోనే ముందుగా ఉంది. పాలంపేటలో దాన్ని మనిషి పుట్టించాడు. కొలిచి చూస్తే ఇదే పెద్ద పని.

1323లో ఓరుగల్లు పతనమయ్యాక అంత పెద్ద గుళ్లు కట్టించే రాజ్యం పోయింది, దానితో పాటే తేలిక ఇటుకకు గిరాకీ పోయింది. మామూలు ఇళ్లలోకి అది ఎప్పుడూ దిగలేదు. సగానికి పైగా ఖాళీ ఉన్న ఇటుకకు నలిగిపోకుండా బరువు మోసే శక్తి తక్కువ. మంట ఎక్కువసేపు కావాలి, చేయి తిరిగినవాళ్లు కావాలి. ఊరి ఇంటికి మట్టిగోడ చాలు. ఇళ్ల పైకప్పుల మీద గాలిని పట్టే పనిని కుమ్మరి సారె మీద చేసిన గూనపెంకు తీసుకుంది. వరసల మీద వరసలుగా పేర్చిన గూనల మధ్య సందులుంటాయి. కప్పు కింద చేరిన వేడిగాలి ఆ సందుల్లోంచి బయటికి పోతుంది. ఇక్కడ గాలి బంధీ కాలేదు, వేడిని మోసుకొని వెళ్లిపోయింది. చల్లదనానికి అదీ ఒక దారే.

నిజాం రైలుమార్గం సికింద్రాబాద్ నుంచి జనగామ మీదుగా 1886లో వరంగల్ చేరి, మహబూబాబాద్, డోర్నకల్ మీదుగా 1889కి బెజవాడ అందుకుంది. రైలుతో పాటు దూరపు సరుకులు వచ్చాయి. మంగుళూరులో బాసెల్ మిషన్ 1865లో మొదలుపెట్టిన యంత్రపు పెంకులు తెలుగునాట బెంగుళూరు పెంకులన్న పేరుతో స్థిరపడి, గూనపెంకును క్రమంగా వెనక్కి నెట్టాయి. రైలుకు బొగ్గు కావాలి. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు పొరలు గుర్తించాడు. 1886లో హైదరాబాద్ డెక్కన్ కంపెనీ హక్కులు తీసుకుంది, డోర్నకల్ నుంచి గనులకు శాఖామార్గం పడింది. ఆ కంపెనీయే 1920లో సింగరేణి కాలరీస్ అయింది.

ఇంజన్లలో గడ్డబొగ్గు మండితే చిట్టెం గడ్డలు మిగిలేవి, బోలు గోళీలు కాదు. గోళీ పుట్టాలంటే బొగ్గును ముందు పిండిలా విసిరి, గాలితో కలిపి కొలిమిలోకి ఊదాలి. ఈ పద్ధతి 1920ల నుంచి అమెరికాలో వ్యాపించింది. తెలంగాణలో కొత్తగూడెం కేంద్రం 1966లో, రామగుండం ఎన్టీపీసీ తొలి యూనిట్ 1983లో మొదలయ్యాయి. భూపాలపల్లిలో సింగరేణి కాకతీయ ఖని గనులు తెరుచుకున్నాక ఆ బొగ్గు పక్కనే చెల్పూరులో 500 మెగావాట్ల యూనిట్ 2010లో, 600 మెగావాట్ల యూనిట్ 2016లో ఉత్పత్తికి వచ్చాయి. తాడిచెర్ల ఓపెన్‌కాస్ట్ బొగ్గు కూడా ఈ కేంద్రానికే. రెండు యూనిట్లూ పూర్తి సామర్థ్యంతో రోజంతా నడిస్తే 2.6 కోట్ల యూనిట్ల కరెంటు వస్తుంది. దానికి పదహారు, పదిహేడు వేల టన్నుల బొగ్గు పడుతుంది. ఇక్కడి గోండ్వానా బొగ్గులో బూడిద ఎక్కువ. మూడో వంతు అనుకున్నా రోజుకు అయిదు వేల టన్నులకు పైనే బూడిద వస్తుంది.

బొగ్గులో కలిసి ఉన్న మట్టి, రాతిపొడే ఈ బూడిద. కొలిమిలో పదమూడు, పద్నాలుగు వందల డిగ్రీల వేడికి ఒక్కో రేణువు కరిగి చుక్క అవుతుంది. తలతన్యత వల్ల చుక్క గుండ్రబడుతుంది. చుక్క లోపల కార్బనేట్లు విడిపోయి బొగ్గుపులుసు వాయువు, బంకమట్టి నుంచి నీటి ఆవిరి వెలువడి దాన్ని లోపలినుంచి ఉబ్బిస్తాయి. వాయువు ఒత్తిడి ఎక్కువైతే బుడగ పగులుతుంది, తక్కువైతే చుక్క గట్టి గోళీగానే ఉండిపోతుంది. రెండూ సరిపడిన చుక్క పొగగాలితో కలిసి కొలిమి దాటి, ఒకటి రెండు సెకన్లలో చల్లబడి గాజులా గట్టిపడుతుంది. లోపలి వాయువు చల్లారేసరికి దాని పీడనం బయటి గాలి పీడనంలో అయిదో వంతుకు పడిపోతుంది. అంటే ఆ గది మూతపడటమే కాదు, కొంతవరకు శూన్యం కూడా. రామప్ప ఇటుకకు అందనిది ఇదే. అక్కడ ఖాళీ తెరుచుకొని ఉంది, ఇక్కడ అది గాజుగోడ వెనక బిగిసి ఉంది. గోళీ వ్యాసం సాధారణంగా ఇరవై నుంచి మూడు వందల మైక్రాన్లు, గోడ మందం కొన్ని మైక్రాన్లు, సాంద్రత 0.4 నుంచి 0.8. బూడిదలో వీటి పాలు తక్కువ, చాలా కేంద్రాల్లో నూటికి ఒకటి అటూఇటూ.

వీటిని ఏరడానికి పనిముట్టు నీరే. ఎలక్ట్రోస్టాటిక్ యంత్రాలు పట్టిన బూడిదను నీళ్లలో కలిపి గొట్టాల ద్వారా బూడిద చెరువుకు పంపినప్పుడు గట్టి రేణువులు అడుగుకు దిగుతాయి. పగిలిన బుడగలూ నీరు నింపుకొని మునుగుతాయి. పగలనివి మాత్రం బూడిదరంగు మీగడ కట్టినట్టు పైన పరుచుకుంటాయి. గాలి వాటిని చెరువులో ఒక మూలకు తోస్తుంది. అక్కడ తేలే అడ్డు కట్టి, సన్నని వలతో దేవి, ఒడ్డున ఎండబెట్టి, జల్లెడపట్టి పరిమాణాల వారీగా సంచులకు ఎత్తుతారు. కేంద్రాలు ఈ సరుకును టెండర్లు పిలిచి అమ్ముతాయి. బూడిద ఎండితే గాలికి లేచి ఊళ్ల మీద పడుతుంది. సన్నని సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది. జల్లెడ దగ్గర కూర్చునే కూలీకీ, చెరువు పక్క ఊరివాళ్లకూ ఆ దుమ్ము నుంచి రక్షణ ఈ సరుకు ధరలో భాగం కావాలి.

బూడిదను పారబోయకుండా వాడాలన్న నియమం 1999 సెప్టెంబరు 14న కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్‌తో వచ్చింది. థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఇటుక బట్టీలు మట్టిలో కనీసం నాలుగో వంతు బూడిద కలపాలన్నారు. ఆ దూరాన్ని 2003లో 100 కిలోమీటర్లకు, 2016లో 300 కిలోమీటర్లకు పెంచారు. 2021 డిసెంబరు 31 నాటి కొత్త నోటిఫికేషన్ వాడని బూడిదకు టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం విధించింది. ఇలా వచ్చిన బూడిద ఇటుక చాలామంది అనుకున్నట్టు తేలిక కాదు. సాంద్రతలో అది మట్టి ఇటుకకు దగ్గరే, చల్లదనంలోనూ పెద్ద తేడా ఉండదు. బూడిదను నిజంగా బోలుగా మార్చేది ఏఏసీ బ్లాకు, ఊళ్లలో లైట్‌వెయిట్ బ్రిక్స్ అంటున్నది. 1920ల్లో స్వీడన్‌లో యోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ రూపొందించిన పద్ధతి ఇది. బూడిద, సున్నం, సిమెంటు ముద్దలో చిటికెడు అల్యూమినియం పొడి వేస్తే హైడ్రోజన్ పుట్టి ముద్ద పొంగుతుంది. ఆ ముద్దను కోసి ఆవిరి పీడనంలో ఉడికిస్తారు. సాంద్రత 0.55 నుంచి 0.65, వాహకత 0.2కు లోపు. ఇరవై సెంటీమీటర్ల బ్లాకు గోడకు ఉష్ణనిరోధం 1 దాటుతుంది. ఇదీ నీళ్లపై తేలుతుంది.

చివరి అంచె పాలిమర్లది. 1937లో జర్మనీలో ఒట్టో బాయర్ పాలీయూరిథేన్ కనిపెట్టాడు. జనం థర్మోకోల్ అనే విస్తరించిన పాలిస్టైరీన్ 1950ల మొదట్లో బజారుకు వచ్చింది. థర్మోకోల్‌లో నూటికి 98 పాళ్లు గాలి, వాహకత 0.035 దరిదాపు. గట్టి పాలీయూరిథేన్ ఫోముకు అది 0.025 దాకా దిగుతుంది. చెరువు చేపలను ఐసుతో పట్నానికి పంపే పెట్టె నుంచి శీతల గిడ్డంగి గోడ దాకా నేడు వేడిని ఆపుతున్నవి ఇవే. 1950లు, 60ల్లో అమెరికాలో బోలు గోళీలను రెజిన్‌లో కలిపి సింటాక్టిక్ ఫోము చేయడం మొదలైంది. లోతు సముద్రపు పీడనాన్ని తట్టుకునే తేలిక పదార్థం నౌకలకు కావలసి వచ్చింది. మొదట ఫినాలిక్ ప్లాస్టిక్ గోళీలు, తరవాత ప్రత్యేకంగా ఊదిన గాజు గోళీలు వాడారు. బూడిద గోళీ వాటికన్నా బరువే, కాని చాలా చవక, వేడికి బాగా ఓర్చుతుంది.

సెనోస్ఫియర్ కలిపితే ప్రతి ఫోమూ మెరుగవుతుందనుకోవడం పొరపాటు. విడిగా పోసిన సెనోస్ఫియర్ కుప్ప వాహకత 0.1 దగ్గర ఉంటుంది. ఎపాక్సీ లాంటి గట్టి రెజిన్ వాహకత 0.2. దానిలో గోళీలు కలిపితే వాహకత తప్పక తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది. పాలీయూరిథేన్ ఫోము దానంతట అదే 0.025 దగ్గర ఉన్నప్పుడు, గాజుగోడ ఉన్న గోళీ అందులో వేడికి దారి చూపే గుణమే కలది. అయినా కొద్ది పాళ్లలో మేలు చేస్తుంది. గోళీ ఉపరితలం మీద వాయువు బుడగలు ఎక్కువ చోట్ల మొలకెత్తి ఫోము గదులు చిన్నవవుతాయి. గదులు చిన్నవైతే వాటి గుండా వికిరణంగా దాటే వేడి తగ్గుతుంది. పాళ్లు మీరితే ముద్ద చిక్కబడి, గోళీలు గదుల పొరలను చీల్చి, వాయువు బయటికి పోతుంది. అప్పుడు వాహకత పెరుగుతుంది. వేడికి ఓర్చడం, నొక్కుడుకు నిలవడం, ఖర్చు తగ్గడం అన్నవి అదనపు లాభాలు. కలిపే విధానంలోనూ జాగ్రత్త కావాలి. జోరుగా కలిపితే గోళీలు పగులుతాయి, నిదానంగా గట్టిపడే రెజిన్‌లో అవి పైకి తేలి ఒక పక్కకు చేరతాయి. చెరువులో వాటిని ఏరిపెట్టిన గుణమే ఇక్కడ అడ్డు వస్తుంది. గోళీలకు సైలేన్ పూత పూస్తే రెజిన్ వాటిని గట్టిగా పట్టుకుంటుంది.

ఇళ్ల దగ్గర ఈ గోళీలు ఎక్కువగా కనిపించేది డాబా మీద వేసే చల్లదనపు రంగుల్లో. 2023 ఏప్రిల్ 3న తెలంగాణ ప్రభుత్వం 2023–28 కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. 2028 కల్లా రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పును ఎండను తిప్పికొట్టే కప్పుగా మార్చాలన్నది అందులో లక్ష్యం. రంగు చేసే మేలులో ఎక్కువ భాగం దాని తెలుపుది. గోళీలు నిండిన రంగు పొర అర మిల్లీమీటరు మందం ఉంటే దాని ఉష్ణనిరోధం 0.005 మాత్రమే. అయిదు సెంటీమీటర్ల థర్మోకోల్ పలకకు అది 1.4. ఎంత మంచి బోలు పదార్థమైనా మందం లేకుండా గడ్డి కప్పుతో పోటీపడలేదు. ఫోము పలక మీద రంగు పూస్తే రెండింటి లాభమూ దక్కుతుంది.

సెనోస్ఫియర్ల సరఫరా బూడిద చెరువుల మీద ఆధారపడి ఉంది, ఆ చెరువులు తగ్గే దిశలో ఉన్నాయి. సిమెంటు కంపెనీలకు, బ్లాకుల ఫ్యాక్టరీలకు పొడి బూడిద కావాలి కాబట్టి కేంద్రాలు దాన్ని నీటిలో కలపకుండా నేరుగా గోదాములకు పట్టి లారీలకు ఎత్తుతున్నాయి. అలా వెళ్లిన బూడిదలోని గోళీలు తేలే అవకాశం లేకుండా సిమెంటులో, ఇటుకలో కలిసిపోతాయి. పొడి బూడిదను గాలి ప్రవాహంలో విసిరి, సాంద్రత తేడాతో గోళీలను విడదీసే యంత్రాలు దీనికి ప్రత్యామ్నాయం. అవి నీరు అడగవు, గోళీల మీద లవణాలు పేరుకోనివ్వవు. అయితే సాంద్రత ఎక్కువ ఉన్న చిన్న గోళీనీ, దానికి సమానంగా ఎగిరే పెద్ద తేలిక గోళీనీ వేరు చేయడంలో నీటికున్నంత కచ్చితత్వం గాలికి లేదు. ముందు జల్లెడపట్టి, ఒక్కో పరిమాణాన్ని విడివిడిగా గాలిలోకి పంపి ఆ లోపాన్ని సరిచేస్తారు.